చిప్పతోనా, చిప్ప లేకుండానా? గుల్లల లెక్కపై పాఠకుల ప్రశ్నలు

ఏ దేశం ఎంత గుల్ల ఏరుతోంది, అందులో మన వాటా ఎంత అని అడుగుతూ విశాఖపట్నం, భీమిలి, గాజువాకల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు. వంట గురించి వచ్చిన ఉత్తరం ఒకటి చివర్లో ఉంది.

ప్రశ్న: ప్రపంచంలో గుల్లలు ఎక్కువగా తినేది చైనావాళ్లేనంటారు. కానీ ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌.ఏ.ఓ.) లెక్కల్లో సముద్రం నుంచి నేరుగా పట్టిన క్లామ్‌లు, కాకిల్‌ల పట్టిక తీస్తే అమెరికా, ఇండోనేషియా లాంటి పేర్లు కనిపిస్తున్నాయి కానీ చైనా కనిపించడం లేదు. లెక్క తప్పా?
– పీజీ విద్యార్థి, చినవాల్తేరు

జవాబు: లెక్క తప్పు కాదు, మీరు తెరిచిన ఖాతా వేరు. మన జిల్లాల్లో సముద్రపు రొయ్యకీ చెరువు రొయ్యకీ లెక్కలు వేరుగా రాస్తారు కదా, గుల్లల సంగతీ అంతే. చైనాలో గుల్లల్లో ప్రధానమైనది మనీలా క్లామ్. ఏటా దాదాపు 40 లక్షల టన్నులు వస్తుంది. అదంతా బురదమేటల్లో సీడ్ (పిల్ల గుల్లలు) చల్లి పెంచిందే కాబట్టి పెంపకం ఖాతాలో పడుతుంది. ప్రపంచం మొత్తమ్మీద పెంపకపు గుల్లలు 50 లక్షల టన్నులు దాటితే, ఏరి పట్టినవి సుమారుగా అందులో పదో వంతు ఉంటాయి. మీరు చూసిన పట్టిక ఆ పదో వంతుది.

ఇక్కడో మెలిక ఉంది. పెంపకం అంటే ఏమిటన్నదానికి ఎఫ్‌.ఏ.ఓ. పెట్టుకున్న గీటురాయి యాజమాన్యం. పెరిగే కాలమంతా ఆ సరుకు ఒక మనిషిదో సంస్థదో అయితే పెంపకం. ఎవరైనా వెళ్లి ఏరుకోగల ఉమ్మడి నీళ్లలోదైతే వేట. సీడ్ ఎక్కడి నుంచి వచ్చిందన్నది అడగరు. మలేషియాలో పేరక్, సెలాంగోర్ తీరాల్లో బ్లడ్ కాకిల్ (మన బుడిత గుల్ల) సీడ్ సహజంగానే పడుతుంది. దాన్ని ఎత్తి తమకు కేటాయించిన మేటల్లో చల్లుకుంటారు, మేత వేయరు, కంచె కట్టరు. అయినా అది పెంపకమే. అదే జాతి గుల్లను ఇంకో దేశంలో ఊరుమ్మడి బురదలో ఏరితే వేట అయిపోతుంది. బురదా గుల్లా ఒకటే, కాగితం మీద మాత్రం ఖాతాలు రెండు. కాబట్టి రెండు దేశాల్ని పోల్చే ముందు రెండు ఖాతాలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒక్క వేట ఖాతా చూసి ‘ఫలానా దేశం ముందుంది’ అనడం తొందరపాటు.

ప్రశ్న: క్లామ్, కాకిల్, ఆల్చిప్ప అన్నీ ఒకటేనా?
– పెదజాలరిపేట

జవాబు: మన వాడుకలో రెండు చిప్పలున్నదల్లా ఆల్చిప్పే, లెక్కల్లో కాదు. చిప్ప నున్నగా ఉంటే సాధారణంగా క్లామ్. ఇసుకకు అడుగున పూడుకుని ఉంటుంది. చిప్ప మీద విసనకర్ర మడతల్లాంటి గాళ్లుంటే కాకిల్. కాకినాడ వైపు బుడిత గుల్ల అనేదానికీ గాళ్లుంటాయి కాబట్టి దాన్నీ కాకిల్ అనేస్తారు. నిజానికి అది వేరే కుటుంబం, ఆర్క్‌షెల్. రెండు చిప్పలు కలిసే కీలు గీత గీసినట్టు తిన్నగా ఉండి, దాని వెంట సన్నటి పళ్లుంటాయి. కోస్తే ఎర్రగా కారుతుంది, దాని ఒంట్లో మనలాగే హిమోగ్లోబిన్ ఉంది మరి. ఎఫ్‌.ఏ.ఓ. ఈ మూడింటినీ ఒకే గుంపులో వేస్తుంది. రాళ్లకు అతుక్కునే ఆయిస్టర్, నల్లటి మసెల్, స్కాలప్‌లకు వేరే గుంపులున్నాయి. వాటిని కలిపి కూడితే మీ మొత్తం ఉబ్బిపోతుంది.

ప్రశ్న: అమెరికా లెక్క ఒకచోట పాతిక వేల టన్నులనీ, ఇంకోచోట లక్ష పైననీ కనిపిస్తోంది. ఏది నిజం?
– ఎగుమతి కంపెనీ ఉద్యోగి, గాజువాక

జవాబు: రెండూ నిజమే. ఒకటి చిప్ప తీసేసిన మాంసం బరువు, రెండోది చిప్పతో బరువు. గుల్లల లెక్కలో అన్నిటికంటే పెద్ద గుంట ఇదే, చాలామంది పడేదీ ఇందులోనే.

అమెరికా తూర్పు తీరంలో సర్ఫ్ క్లామ్, ఓషన్ క్వాహోగ్ అని రెండు జాతుల్ని పెద్ద పడవలతో, నీటి ధారతో ఇసుకను వదులుచేసే ఇనుప డ్రెడ్జ్‌లతో పడతారు. అక్కడ కొలత బుషెల్. మన కుంచం లాంటిదే, బరువు కాదు, పరిమాణం. 32 బుషెళ్లు పట్టే ఇనుప బోనుల్లో సరుకు ఒడ్డుకొస్తుంది. సర్ఫ్ క్లామ్ బుషెల్‌కి 17 పౌండ్ల మాంసం, క్వాహోగ్ బుషెల్‌కి 10 పౌండ్ల మాంసం అని అధికారిక లెక్క. సర్ఫ్ క్లామ్‌కి ఏళ్ల తరబడి ఉంటూ వచ్చిన వార్షిక కోటా 34 లక్షల బుషెళ్లు. పదిహేడుతో గుణిస్తే 5 కోట్ల 78 లక్షల పౌండ్లు, అంటే 26,218 టన్నుల మాంసం. క్వాహోగ్‌ది 53.33 లక్షల బుషెళ్లు, అంటే 24,190 టన్నులు. కోటా అంటే పట్టుకోగల గరిష్ఠం. నిజంగా పట్టేది దానికంటే తక్కువే ఉంటోంది, కాబట్టి కోటాను పట్టుబడి గడిలో రాయకండి.

ఇప్పుడు మాంసం మొత్తం బరువులో అయిదో వంతు అనుకుందాం. ఆ 26 వేల టన్నులు చిప్పతో 1.31 లక్షల టన్నులవుతాయి. ఎఫ్‌.ఏ.ఓ. పట్టికలో ఉండేది ఇలా చిప్పతో లెక్కగట్టిన ‘సజీవ బరువు’. అమెరికా ప్రభుత్వ పట్టికలో ఉండేది మాంసం బరువు. ఒక దేశానికి ఇదీ, ఇంకో దేశానికి అదీ తీసుకుంటే వరుసలు తారుమారవుతాయి.

ఆ ‘అయిదో వంతు’ కూడా అన్ని జాతులకీ ఒకటి కాదు. దళసరి చిప్ప ఉన్నవాటిలో తగ్గుతుంది. గుడ్లు వదిలాక గుల్ల లోపల చిక్కిపోతుంది కాబట్టి ఒకే జాతిలోనూ నెలను బట్టి మారుతుంది. మీ సరుకుకి మీరే తేల్చుకోవచ్చు. బతికున్న గుల్లలు 2 కిలోలు తీసుకుని, పైన బురద కడిగి, జల్లెడలో 10 నిమిషాలు నీరు ఓడ్చి తూచండి. తడితో తూస్తే తప్పు వస్తుంది, పగిలిన చిప్పలుంటే ఏరేయాలి. పచ్చిగానే చాకుతో విప్పి, మాంసాన్ని 5 నిమిషాలు జల్లెడలో ఉంచి మళ్లీ తూచండి. ఉడికించి తీస్తే నీరు దిగిపోయి అంకె బాగా తగ్గుతుంది, కాబట్టి పచ్చి మాంసమో ఉడికిందో రాసి పెట్టుకోవాలి. మూడు వేర్వేరు నెలల్లో చేసి సగటు తీస్తేనే నమ్మదగ్గ అంకె.

ప్రసక్తి వచ్చింది కాబట్టి ఒక మాట. 2006లో ఐస్‌లాండ్ దగ్గర దొరికిన ఒక క్వాహోగ్ చిప్ప వలయాలు లెక్కపెడితే 507 ఏళ్లు తేలింది. ఇంత నిదానంగా బతికే జాతి కాబట్టే దానికి కోటా అంత బిగువు. 1990 నుంచి ఈ రెండు జాతులకీ పడవ యజమానుల మధ్య కొనుక్కోగల, అమ్ముకోగల వ్యక్తిగత కోటాలున్నాయి.

ప్రశ్న: భీమిలిలో గోస్తని మొగ దగ్గర ఆడవాళ్లు గుల్లలు ఏరుతుంటారు. ఇవి దేశం లెక్కలోకి వస్తాయా? అసలు మన దేశపు గుల్లలు ఎక్కడివి?
– ఉపాధ్యాయురాలు, భీమునిపట్నం

జవాబు: రెండో ప్రశ్నతో మొదలుపెడతాం. మన దేశం గుల్లల్లో సింహభాగం కేరళది, కేరళలో వెంబనాడ్ సరస్సుది. అక్కడి నల్ల గుల్లను కక్క అంటారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ లెక్కల్లో వెంబనాడ్ పట్టుబడి 2006లో 75 వేల టన్నుల పైచిలుకు, 2019కి 42 వేలకు దిగింది. కారణాలు చాలావరకు మనుషులు చేసినవే. కుట్టనాడ్ వరి పొలాలకు ఉప్పునీరు రాకుండా కట్టిన తన్నీర్‌ముక్కం కట్టు మూస్తే, దానికి ఎగువన సరస్సు నీళ్లలో ఉప్పు తగ్గిపోతుంది. నల్ల గుల్ల కొంచెం ఉప్పు ఉంటేనే ఈనుతుంది. దానికి తోడు సున్నానికనీ, కోళ్ల మేతకనీ పిల్ల గుల్లల్ని కూడా తోడేశారు. అడుగున బురద, కాలుష్యం సరేసరి.

కొల్లం దగ్గర అష్టముడి సరస్సు కథ ఇందుకు ఎదురు. 1990ల మొదట్లో పట్టుబడి పడిపోయాక అక్కడ కట్టుబాట్లు పెట్టుకున్నారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు, గుల్ల ఈనే కాలంలో, వేట బంద్. వల కన్ను 30 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఎగుమతికి కిలో మాంసంలో 1,400 కంటే ఎక్కువ గుల్లలు తూగే పిల్ల సరుకు కొనకూడదు. మూడోదే అన్నిటికంటే బాగా పనిచేసిందని మా అభిప్రాయం, ఎందుకంటే కొనేవాడు లేకపోతే పట్టేవాడు ఉండడు. 2014లో ఈ వేటకు మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ (వేట సరుకును వట్టిపోనివ్వకుండా సాగుతోందా అని చూసే అంతర్జాతీయ సంస్థ) ధ్రువీకరణ వచ్చింది, మన దేశంలో అదే మొదటిది.

ఆంధ్రలో పేరున్న చోటు కాకినాడ అఖాతం. బుడిత గుల్ల, మెరెట్రిక్స్ జాతి నున్నటి గుల్లలు, పల్చటి గాజు పలక లాంటి విండోపేన్ గుల్ల, అన్నీ అక్కడ ఉన్నాయి. మీ భీమిలి మొగలోనివి ప్రధానంగా మెరెట్రిక్స్.

ఇక లెక్కలోకి వస్తాయా అన్నది. సముద్ర చేపల అంచనా ఎలా కడతారంటే, పడవలు చేరే రేవుల్లో కొన్నింటిని, నెలలో కొన్ని రోజుల్ని యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఆ రోజు వచ్చిన పడవల్లో కొన్నింటి సరుకు చూసి మొత్తానికి హెచ్చిస్తారు. పడవ లేకుండా, పాటు సమయంలో (నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు) బుట్ట పట్టుకుని మోకాలి లోతు నీళ్లలో దిగి ఏరి, ఇంటికో పక్క వీధికో పట్టుకెళ్లే సరుకు ఈ వలకు చిక్కదు. అందుకే గుల్లల లెక్కకి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విడిగా సర్వేలు చేస్తుంది, ముఖ్యంగా పెద్ద సరస్సుల్లో. చిన్న మొగల్లో ఏరేది చాలావరకు జారిపోతుందనే అనుకోవాలి. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ తీరాల్లోనూ ఇదే తంతు. ఆడవాళ్లు, పిల్లలు ఏరే సరుకు ఎక్కడైనా ముందుగా లెక్క తప్పేది.

చిప్పల్ని గురించి కూడా చెప్పాలి. వెంబనాడ్ అడుగున వేల ఏళ్లనాటి చచ్చిన చిప్పల దిబ్బలున్నాయి. వాటిని తవ్వి తెల్ల సిమెంటు, సున్నం చేశారు. అది చేపల శాఖ లెక్క కాదు. సున్నపు గుల్ల మన చట్టంలో ఖనిజం కింద వస్తుంది. మాంసం తీసేశాక మిగిలిన కొత్త చిప్పల్ని మళ్లీ పట్టుబడిలో కలిపితే ఒకే గుల్లను రెండుసార్లు లెక్కపెట్టినట్టు. చిప్పంతా దాదాపు కాల్షియం కార్బొనేట్. బట్టీలో 900 డిగ్రీల దాకా కాలిస్తే నూటికి 44 పాళ్లు వాయువుగా పోయి, కిలో చిప్పకు 560 గ్రాముల పొడి సున్నం వరకు మిగులుతుంది. సరిగా కాలకపోతే మధ్యలో పచ్చి చిప్ప అలాగే ఉండి, నీళ్లు చల్లినా విచ్చుకోదు.

ప్రశ్న: జపాన్‌లో గుల్లల పట్టుబడి ఎందుకు పడిపోయింది?
– ఎం.వి.పి. కాలనీ

జవాబు: అసారి అని పిలిచే మనీలా క్లామ్ అక్కడ 1983లో 1.6 లక్షల టన్నులు వచ్చింది. ఇప్పుడు పదివేల లోపే. పాటుకు బయటపడే బురదమేటల్ని పూడ్చి ఫ్యాక్టరీలు, రేవులు కట్టారు. మిగిలిన చోట తోడేశారు. పైగా టేకు చేపలు మందలుగా వచ్చి నమిలేస్తాయి.

ఆ దేశం నుంచి నేర్చుకోవాల్సింది వేరొకటుంది. కుమమోటో రాష్ట్రంలో 2020లో పట్టిన అసారి 21 టన్నులు. 2021 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మూడే నెలల్లో ‘కుమమోటో అసారి’ పేరుతో జపాన్ దుకాణాల్లో అమ్ముడైంది, అక్కడి ప్రభుత్వ అంచనా ప్రకారం, 2,485 టన్నులు. చైనా, కొరియాల నుంచి తెచ్చి కొన్నాళ్లు అక్కడి తీరంలో ఉంచి, స్థానికమని పేరు పెట్టారు. 2022 ఫిబ్రవరిలో ఇది బయటపడింది. కాబట్టి మార్కెట్లో అమ్మిన లెక్కనుంచి పట్టుబడిని ఊహించకండి.

ప్రశ్న: యూరప్ దేశాల్లో కాకిల్ పట్టుబడి ఒక ఏడాది వేలల్లో, మరుసటేడు వందల్లో ఉంటుంది. మధ్యలో ఏమైనట్టు?
– మత్స్యశాస్త్రం చదువుతున్న పాఠకుడు, మధురవాడ

జవాబు: కాకిల్ ఎక్కువ కాలం బతకదు, చలికాలం గట్టిగా కొడితే మేటలు మేటలే చచ్చిపోతాయి. సీడ్ బాగా పడిన ఏడాది తర్వాత రెండేళ్లు పండగ, పడకపోతే తలుపులు మూయడమే. బ్రిటన్‌లో వాష్ అఖాతం, థేమ్స్ మొగ, వేల్స్‌లో బరీ ఇన్‌లెట్ లాంటి చోట్ల ముందు సర్వే చేసి, మిగులుంటేనే వేట తెరుస్తారు. పక్షులకు తిండి వదలాలన్నది కూడా ఆ లెక్కలో భాగం. నెదర్లాండ్స్ వాడెన్ సముద్రంలో 2005 నుంచి యంత్రాలతో కాకిల్ తోడడమే ఆపేసింది, చేత్తో ఏరడానికి మాత్రం ఒప్పుకుంటోంది. ఆ దేశపు పట్టుబడి తగ్గుదలను సముద్రం వట్టిపోయినట్టు చదవకూడదు. అది చట్టం చేసిన తగ్గుదల.

ఇటలీది మరో రకం. అడ్రియాటిక్ తీరంలో వీనస్ గుల్లను నీటి డ్రెడ్జ్‌లతో పడతారు. కనీస పరిమాణాన్ని 2017లో 25 మిల్లీమీటర్ల నుంచి 22కి దించారు. నిబంధన మారిన ఏడాదికి ముందూ తర్వాతా అంకెల్ని ఒకే గీతగా కలపకండి.

ప్రశ్న: నేనే ఒక పోలిక పట్టిక తయారు చేసుకోవాలంటే ఎలా?
– మొదట ఉత్తరం రాసిన చినవాల్తేరు విద్యార్థి

జవాబు: ఎఫ్‌.ఏ.ఓ. వారి చేపల లెక్కల పట్టికలు, ఫిష్‌స్టాట్, ఉచితం. అందులో ‘క్యాప్చర్’ (వేట) భాగం తెరిచి, జాతుల గుంపులో క్లామ్‌లు, కాకిల్‌లు, ఆర్క్‌షెల్‌లు ఎంచుకోండి, కొలత సజీవ బరువు టన్నుల్లో. తర్వాత అదే గుంపును ‘ఆక్వాకల్చర్’ (పెంపకం)లో కూడా దించుకోండి. ఒక్క ఏడాది అంకె కాకుండా అయిదేళ్ల సగటు తీయండి, ఎందుకో పై జవాబులో చూశారు. అంకె పక్కన అంచనా గుర్తు ఉన్న గడుల్ని వేరే రంగులో పెట్టండి. దేశం నుంచి నివేదిక రానప్పుడు ఆ సంస్థ తానే వేసిన అంకెలవి. నాలుగైదేళ్లు ఒకే అంకె అచ్చుగుద్దినట్టు ఉంటే అనుమానించాల్సిందే.

తర్వాత చేసేది చాలామంది మర్చిపోతారు. ‘ఇతర సముద్ర మొలస్క్‌లు’ (గుల్లలు, నత్తల్లాంటి మెత్తటి ఒంటి జీవులు) అన్న వరుస తెరిచి చూడండి. జాతి పేరు విడదీయకుండా అంతా అందులో కుమ్మరించే దేశాలున్నాయి. అలాంటి దేశానికి గుల్లల వరుసలో సున్నా ఉందంటే గుల్లల్లేవని కాదు. మన దేశానికైతే ఇంకో సర్దుబాటు ఉంది. ప్రభుత్వ పుస్తకాలు ఏప్రిల్ నుంచి మార్చి వరకు లెక్కిస్తాయి, పరిశోధన సంస్థ అంచనాలు జనవరి నుంచి డిసెంబరువి. రెండింటినీ ఒకే నిలువు వరుసలో పెడితే మూడు నెలలు జారిపోతాయి.

తీరం పొడవుతో భాగించి కిలోమీటరుకు ఇంత అని తేల్చడం ఈమధ్య ఫ్యాషనైంది. గుల్ల రాతి తీరంలో ఉండదు, ఉండేది మొగల్లో, మేటల్లో. భాగిస్తే మేటల విస్తీర్ణంతో భాగించాలి, లేదా ఊరుకోవాలి.

ప్రశ్న: మార్కెట్లో గుల్లలు కొంటే ఇసుక కరకరలాడుతోంది. ఎంతసేపు ఉడికించాలి? చేప ఉడికినంత సేపు చాలదా?
– గృహిణి, జగదాంబ కూడలి

జవాబు: ఇసుక పోవాలంటే గుల్ల బతికుండాలి. తెరుచుకున్న దాన్ని వేలితో తట్టండి, మూసుకోకపోతే పారేయండి. మంచినీళ్లలో నానబెడితే చిప్ప బిగించుకుని ఊరుకుంటుంది, ఇసుక కక్కదు. సముద్రపు గుల్లకి లీటరు నీటికి 30 గ్రాముల ఉప్పు, మొగలో దొరికినదానికి 15 నుంచి 20 గ్రాములు వేయండి. కుళాయి నీళ్లయితే ముందు రాత్రి పట్టి ఉంచితే క్లోరిన్ పోతుంది. వెడల్పాటి పళ్లెంలో జల్లెడ పెట్టి, గుల్లల్ని ఒక్క వరసగా పరిచి, నీళ్లు వాటిని కాస్త మునిగేంతే పోసి, చీకట్లో రెండు మూడు గంటలు ఉంచండి. జల్లెడ ఎందుకంటే కక్కిన ఇసుక కిందికి దిగాలి, లేకపోతే మళ్లీ అదే పీల్చుకుంటాయి. లోతు గిన్నెలో కుప్పగా పోసి రాత్రంతా ఉంచితే గాలాడక చస్తాయి, నీళ్లు కంపు కొడతాయి.

ఉడకడం సంగతి. చిప్ప విచ్చుకోగానే దించేయడం తప్పు. నీళ్లు తెర్లుతుండగా వేసి, విచ్చుకున్నాక ఇంకో మూడు నుంచి అయిదు నిమిషాలు ఉడకనివ్వండి. లోపలి మాంసం 90 డిగ్రీల వేడిలో 90 సెకన్లు ఉండాలన్నది యూరప్‌లో పాటించే నియమం. విచ్చుకోనివి బలవంతంగా తెరవకండి. గుల్ల నీటిని వడకట్టి తింటుంది కాబట్టి నీటిలో ఉన్న క్రిములన్నీ దానిలో పోగవుతాయి. 1988 మొదట్లో షాంఘైలో వేడినీళ్లలో ముంచి తీసి సగం పచ్చిగా తిన్న ఒక రకం ఆర్క్‌షెల్ వల్ల దాదాపు 3 లక్షల మందికి పచ్చకామెర్లు, హెపటైటిస్ ఎ వచ్చింది. మురుగు కలిసిన మేటల్లో ఏరిన సరుకు అది.

ఉడికిస్తే క్రిములు చస్తాయి కానీ భారలోహాలు పోవు, నీళ్లు రంగు మారినప్పుడు కొన్ని నాచుల వల్ల గుల్లలో చేరే విషమూ పోదు. కాబట్టి హార్బర్ కాలువల వైపు, మురుగు గెడ్డలు కలిసే చోట ఏరిన గుల్ల ఎంత చవకగా వచ్చినా వద్దు. అమ్మే ఆవిడను ఎక్కడ ఏరారో అడగండి, సాధారణంగా చెబుతారు. పెద్ద వాన పడి మొగలోకి వరద నీరు వచ్చాక వారం పది రోజులు కొనకపోవడమే మేలు. తియ్యనీటికి చాలా గుల్లలు చస్తాయి, మిగిలినవి మురుగు వడకట్టుకుని ఉంటాయి.